మార్చి నుంచి తోటలో ఉడుము తిరుగుతోంది: ఎందుకొస్తుంది, ఎప్పుడు తగ్గుతుంది, కోళ్లకు ఏం చేయాలి

మీరు అడిగింది ఇదీ. అనంతపురం జిల్లా నార్పల దగ్గర చీనీ (బత్తాయి) తోటలో ఇల్లు కట్టుకున్నారు. చలికాలమంతా కనపడని మూడున్నర అడుగుల ఉడుము మార్చి నుంచి కోళ్ల కొట్టం చుట్టూ తిరుగుతోంది. మృగశిర వాన పడిన మర్నాడు రెండు ఉడుములు వెనక్కాళ్ల మీద లేచి ఒకదాన్నొకటి వాటేసుకుని నిలబడ్డాయి. గుడ్లు తగ్గుతున్నాయి, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఊళ్లో ఒకాయన పట్టి ఇస్తానంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోవద్దు. ఉడుము మనిషి మీదికి రాదు, దానికి పాము విషం లాంటి విషం లేదు. మీ దగ్గర అది కనిపించడం సెప్టెంబరు చివరిదాకా ఇలాగే ఉంటుంది. హస్త కార్తె దాటాక తగ్గుతుంది, డిసెంబరు, జనవరిలో దాదాపు కనపడదు, ఎండలు ముదిరితే మళ్లీ వస్తుంది. మీరు చేయాల్సిన పనంతా కోళ్ల కొట్టం దగ్గరే ఉంది. రెండు రోజుల కూలి, కొంచెం వల, ఒక రేకు చాలు. పట్టించడం మటుకు జైలుకు దారి తీసే పని, దాని సంగతి కింద రాస్తాను.

ముందు ఇది ఏ జంతువో చూద్దాం. మన దేశంలో ఉడుములు నాలుగు రకాలు. రాయలసీమలో ఉండేది ఒక్కటే, వరానస్ బెంగాలెన్సిస్ అనే మామూలు ఉడుము. నీటి ఉడుము మనవైపు లేదు, ఎడారి ఉడుము వాయవ్య రాష్ట్రాల్లో ఉంటుంది, పసుపు ఉడుము గంగా, సింధు మైదానాల్లో ఉంటుంది. మనది ముక్కు నుంచి తోక చివరిదాకా అత్యధికంగా 175 సెంటీమీటర్లు పెరుగుతుంది, అందులో మీటరు దాకా తోకే. బరువు ఏడు కిలోల దాకా పోవచ్చు. తోటల్లో, వంకల పక్కన మనకు కనపడేవి ఎక్కువగా మూడు నాలుగు అడుగులవే, మీది కూడా అంతే. మగది ఆడదానికంటే పెద్దగా ఉంటుంది.

పిల్ల ఉడుము చూడ్డానికి వేరే జంతువులా ఉంటుంది. ముదురు ఒంటి మీద పసుపు చుక్కలు, చారలు మెరుస్తుంటాయి. వయసు పెరిగేకొద్దీ అవి మాసి మట్టిరంగు వస్తుంది. ఆ మెరిసే రంగు చూసి విషపు జాతి అనుకుని కొట్టి చంపడం చాలా ఊళ్లలో జరుగుతుంది. అదీ ఇదే ఉడుము, అంతే నిరపాయం.

కాలాన్ని బట్టి ఎందుకు మారుతుంది

ఉడుము ఒంటి వేడిని తానుగా పుట్టించుకోలేదు, బయట నుంచి తెచ్చుకోవాలి. ఒళ్లు ముప్పై డిగ్రీలు దాటి బాగా కాగితే గానీ అది పరుగెత్తలేదు, వేటాడలేదు, తిన్నది అరిగించుకోలేదు. కాబట్టి దాని రోజు, దాని సంవత్సరం రెండూ ఎండ చేతుల్లోనే ఉంటాయి. ఎండ తర్వాత దాన్ని నడిపించేది వాన. తిండి ఎక్కడ పుడుతుందో, గుడ్లు పెట్టడానికి నేల ఎప్పుడు మెత్తబడుతుందో వానే తేలుస్తుంది. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లే పడుతుంది, అదీ ఎక్కువగా జూన్ నుంచి అక్టోబరు లోపే. అందుకే ఉడుము సంవత్సరం మన కార్తెల లెక్కతో చక్కగా సరిపోతుంది.

ఫిబ్రవరి చివర, మార్చిలో ఎండ చురుక్కుమనడం మొదలైతే బయటికి వస్తుంది. చలికాలమంతా కడుపు కాల్చుకుని ఉంటుంది కాబట్టి ఆకలి ఎక్కువ. అప్పటికి వేరుశనగ చేలు ఖాళీ అయి, కంప తప్ప పచ్చదనం లేకుండా ఎండిపోయి ఉంటాయి. తడి మిగిలేది చీనీ పాదుల్లో, డ్రిప్పు లాటరల్ పైపుల కింద, పశువుల తొట్టి పక్కన. పెంకుపురుగులు, జెర్రులు, తేళ్లు, నత్తలు, కప్పలు, వాటి వెనకే ఎలుకలు, అన్నీ ఆ తడికే చేరతాయి. ఉడుము మీ ఇంటి కోసం రాలేదు, ఆ తడిలో చేరిన పురుగుల కోసం వచ్చింది. కోడిగుడ్డు దారిలో దొరికిన తిండి.

ఏప్రిల్, మే నెలల్లో, అంటే అశ్విని నుంచి రోహిణి దాకా, పొద్దున ఏడు నుంచి పది గంటల మధ్య ఒకసారి, సాయంత్రం నాలుగున్నర తర్వాత ఇంకోసారి తిరుగుతుంది. నడిమధ్యాహ్నం బండ మీద కాలు పెట్టలేదు, చనిపోతుంది. ఆ వేళ బొరియలోనో, పుట్టలోనో, రాతికట్ట సందుల్లోనో పడుకుంటుంది. మగవాటి మధ్య పోట్లాటలు ఏప్రిల్ నుంచే మొదలవుతాయి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా దానికి అసలైన కాలం. మృగశిర, ఆరుద్ర వానలకు నేల నుంచి వేరుపురుగు తల్లి పురుగులు పొద్దుగూకే వేళకు బయటికొచ్చి వేప, రేగు చెట్ల మీద పడతాయి. పగలు మళ్లీ మట్టిలో దూరి పడుకుంటాయి. ఉడుము పొద్దున వచ్చి వాటిని గోళ్లతో గీరి తీస్తుంది. జులై, ఆగస్టుల్లో ఆ పురుగుల పిల్లలు వేరుశనగ వేళ్లు కొరుకుతూ మొక్కను చంపేస్తుంటాయి. వేరుశనగ వేసిన రైతుకు ఆ తెల్ల పురుగు చేసే నష్టం గురించి నేను చెప్పక్కర్లేదు. చేలో అక్కడక్కడా నాలుగు వేళ్ల లోతున గీరిన గుంటలు, పక్కన మట్టి ఎగజిమ్మి ఉంటే అది ఉడుము పురుగు తవ్వుకున్న గుర్తు. ఆ గుంటల దగ్గర ఒకటి రెండు మొక్కలు పడిపోతే చింతించకండి, పురుగు మిగిలి ఉంటే ఆ సాలంతా పోయేది.

వానాకాలంలో మబ్బు పట్టిన రోజు పెద్దగా బయటికి రాదు. వాన వెలిసి ఎండ కాసిన రోజు మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంటుంది. ఒళ్లు త్వరగా కాగాలని తారు రోడ్డు మీద పడుకుంటుంది, బండ్ల కింద పడి చచ్చేదీ అప్పుడే. ఆ నెలల్లో పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య తోట దారిలో బండి నెమ్మదిగా నడపండి.

అక్టోబరు, నవంబరుల్లో రాయలసీమలోనే చోటును బట్టి తేడా కనిపిస్తుంది. కడప వైపు, ముఖ్యంగా పాలకొండలు, శేషాచలం అంచుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు బాగా పడతాయి కాబట్టి స్వాతి, విశాఖ కార్తెల్లో కూడా కప్పలు, పురుగులు ఉంటాయి, ఉడుము ఇంకా తిరుగుతుంది. అనంతపురం, కర్నూలు పశ్చిమ భాగాల్లో అప్పటికే తగ్గిపోతుంది. ఈ నెలల్లో అది కొవ్వు పెంచుకుంటుంది, కడుపులోపలా తోక మొదట్లోనూ. చలికాలం గడిచేది దాని మీదే.

డిసెంబరు, జనవరి. ఉత్తరాదిలో చలి ఎక్కువ కాబట్టి నెలల తరబడి బొరియ దాటదు. మనకు అంత చలి లేదు, అందుకే పూర్తి నిద్ర ఉండదు. వరసగా చల్లటి రోజులుంటే పది పదిహేను రోజులు లోపలే ఉంటుంది. మధ్యలో ఒకరోజు బాగా ఎండ కాస్తే పదకొండు గంటలకు బొరియ వాకిట్లోకి వచ్చి, తల, ముందు కాళ్లు బయటపెట్టి, రెండు గంటలు ఎండ కాగి మళ్లీ దూరుతుంది. మీకు చలికాలంలో కనపడకపోవడానికి కారణం ఇదే. అది ఎక్కడినుంచో మార్చిలో వలస రాలేదు. నిరుడూ మీ తోట చుట్టుపక్కలే ఉంది.

ఆ రెండూ జతకట్టలేదు, కుస్తీ పట్టాయి

చాలామంది పొరబడేది ఇక్కడే. వెనక్కాళ్ల మీద లేచి, తోకను ముక్కాలి పీటకు మూడో కాలులా ఆనించి, ముందు కాళ్లతో వాటేసుకుని నిలబడేవి రెండూ మగవే. ఒకదాన్నొకటి పక్కకు పడేయాలని చూస్తాయి. పడినది ఓడినట్టు, మెల్లగా తప్పుకుంటుంది. గోళ్లు గీసుకుని ఒంటి మీద చారలు పడతాయి, ఒక్కోసారి కొరుకుతాయి కూడా, చావుదాకా పోవడం అరుదు. జెర్రిపోతులు మెలికలు వేసుకుని నిలబడటం కూడా ఇలాంటి మగవాటి పోరే, దాన్నీ మనవాళ్లు జత అనే అనుకుంటారు.

ఈ కుస్తీ వేళ వాటికి చుట్టూ ఏముందో పట్టదు, మనుషులు దగ్గరికెళ్లినా కదలవు. అందుకే వేటగాళ్లకు సులువుగా దొరుకుతాయి. మీరు ముప్పై అడుగుల దూరంలో ఉండి చూడండి, కుక్కను కట్టేయండి. కుక్కను వదిలితే రెండింటికీ దెబ్బే. ఉడుము తోకతో కొరడాలా కొడుతుంది, పడితే వదలదు, కుక్క ముక్కు చీలిపోతుంది. ఉడుము తోక తెగితే బల్లి తోకలా తిరిగి మొలవదు. తెగిన తోకతో అది చెట్టెక్కడానికి, ఈదడానికి జీవితాంతం ఇబ్బంది పడుతుంది.

మగవి పోట్లాడుతున్నాయంటే దగ్గర్లో ఆడది ఉన్నట్టు. జులై నుంచి సెప్టెంబరు లోపు అది గుడ్లు పెట్టడానికి చోటు వెతుకుతుంది. చదును నేలలోనైనా, వంక ఒడ్డు నిటారు మట్టిలోనైనా తవ్వుతుంది, ఒక్కోసారి చెదపుట్టను తవ్వి అందులో పెడుతుంది. సుమారు ఇరవై గుడ్లు పెట్టి, మట్టి పూడ్చి, ముక్కుతో నొక్కి గట్టి చేస్తుంది. తర్వాత పక్కన రెండు మూడు ఉత్తుత్తి గుంటలు కూడా తవ్వి, మట్టి ఎగజిమ్మి, అసలు చోటు తెలియకుండా చేస్తుంది. గెనిమల (పొలం గట్ల) మీద ఒకేచోట నాలుగైదు తవ్వకాలు కనిపిస్తే పందికొక్కులని మందు పెట్టకముందు ఇది గుర్తు తెచ్చుకోండి.

కోడిలా పొదగదు. నేల వేడే పొదుగుతుంది, అందుకే 168 నుంచి 254 రోజులు, అంటే ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర నెలలు పడుతుంది. జులైలో పెట్టినవి జనవరి, ఫిబ్రవరికీ, సెప్టెంబరులో పెట్టినవి ఏప్రిల్, మేకీ పిల్లలవుతాయి. జానెడు పొడుగు పిల్లలు, మొదట చెట్టు బెరడు కింద, తొర్రల్లో పురుగులు తింటూ బతుకుతాయి. నేల మీద ఎక్కువగా తిరిగేది పెద్దయ్యాకే.

కొత్త పాదులు తవ్వేటప్పుడో, పునాది తీసేటప్పుడో మెత్తటి తోలు లాంటి పెంకుతో పొడుగాటి తెల్ల గుడ్లు బయటపడొచ్చు. వెంటనే పని ఆపి, అదే మట్టి మళ్లీ కప్పండి. గుడ్డును తిప్పొద్దు. కోడి గుడ్డును తిప్పినా ఏం కాదు, పాకే జంతువుల గుడ్డులో పిండం పైభాగాన పెంకుకు అతుక్కుని ఉంటుంది, తలకిందులైతే చచ్చిపోతుంది. కప్పాక అటవీ సిబ్బందికి చెప్పండి. ఆ గుడ్లను తీసి దాచుకోవడం కూడా నేరమే.

పిల్లలకు ప్రమాదం ఎంత

తరమనంతవరకు లేదు. మనిషిని చూడగానే ఉడుము చేసే మొదటి పని పరుగు. పారిపోయే దారి లేకపోతే మెడ, గొంతు ఉబ్బించి, ఒళ్లు చదును చేసి, బుస కొడుతుంది. ఆ బుస చాలా గట్టిగా ఉంటుంది, విన్నవాళ్లు హడలిపోతారు. ఆ తర్వాత తోకతో కొడుతుంది. చివరికి చెయ్యి వేస్తేనే కరుస్తుంది. మూల గదిలో, బాత్రూంలో దూరిన ఉడుమును కర్రతో పొడిచేవాళ్లకే కాట్లు పడతాయి. ఇంట్లోకి వస్తే లోపలి తలుపులు వేసి, బయటి తలుపు బార్లా తీసి, అందరూ పక్కకు తప్పుకోండి. అరగంటలో దారి చూసుకుని పోతుంది. నోట్లోంచి చీలిన నాలుక మాటిమాటికీ బయటికి తీస్తుంటే భయపడొద్దు. ఆ నాలుకతో గాలిలోని వాసన పట్టి అంగిట్లోని జాకబ్సన్ అవయవానికి అందిస్తుంది, అంటే వాసన చూసి దారి వెతుక్కుంటోందన్నమాట.

కరిచిందే అనుకుందాం. దాని పళ్లు వెనక్కి వంగి ఉంటాయి, లాగితే గాయం చీలుతుంది. లాగకుండా దాని నాలుగు కాళ్లు నేలకు ఆనేలా దించండి, ఆధారం దొరికితే వదిలి పారిపోతుంది. తర్వాత పారే నీళ్లు, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. నోట్లోని మురికితో చీము పట్టే అవకాశం ఉంటుంది కాబట్టి ధనుర్వాతం ఇంజెక్షను, డాక్టరు చెబితే యాంటీబయాటిక్ పడాలి. పాముకాటు ఇంజెక్షను అక్కర్లేదు. రేబిస్ పాలిచ్చే జంతువుల జబ్బు కాబట్టి ఉడుము కాటుకు ఆ టీకాలూ అక్కర్లేదు. కానీ చీకట్లోనో, బొరియలోనో కరిచిందేమిటో కళ్లారా చూడకపోతే దాన్ని పాముకాటుగానే లెక్కేసి పరుగెత్తండి. ఉడుము వదిలేసిన బొరియలో నాగుపాము, రక్తపింజర ఉండటం మామూలే.

గుడ్లు నిజంగా ఉడుమే తింటోందా

తింటుంది, దాచాల్సిందేమీ లేదు. వారం వయసు లోపు కోడిపిల్లల్నీ తింటుంది. ఎదిగిన కోడి జోలికి రావడం అరుదు. కానీ పోయిన ప్రతి గుడ్డూ దాని ఖాతాలో వేయకండి. ఉడుము పగటి జంతువు. సాయంత్రం లెక్కపెట్టిన గుడ్లు తెల్లారేసరికి తగ్గితే అది ఉడుము పని కాదు, పందికొక్కో, పిల్లో, పామో చూసుకోవాలి. పగలు పోయి పెంకు ముక్క కూడా మిగలకపోతే ఉడుము అయ్యే వీలుంది, గుడ్డును అది నోట్లోనే నలిపి మొత్తం మింగుతుంది. పగిలిన పెంకులు అక్కడే పడి ఉంటే కాకి గానీ ముంగిస గానీ.

అనుమానం తీర్చుకోవడానికి కొట్టం చుట్టూ రెండడుగుల వెడల్పున సన్న మన్ను గానీ బూడిద గానీ పరవండి. ఉడుము నడిస్తే నడుమ పాములా వంకర్లు తిరిగిన తోక గీత, దానికి రెండు వైపులా ఐదు గోళ్ల అడుగులు పడతాయి. గీత మాత్రమే ఉండి అడుగులు లేకపోతే పాము.

ఇప్పుడు కొట్టం పని. పల్చటి ఆరు మూలల కోళ్ల వల వద్దు, గోళ్లతో పీకి పడేస్తుంది. ఒక అంగుళం కన్ను ఉన్న వెల్డుమెష్ (అతికిన ఇనుప తీగల జాలీ) వాడండి. పాముల్ని కూడా ఆపాలనుకుంటే అర అంగుళం కన్ను తీసుకోండి, ఖర్చు ఎక్కువైనా ఒకసారే పని. మెష్‌ను నేల దగ్గర ఆపేస్తే లాభం లేదు. ఉడుము తల సన్నం, ముందు కాళ్లు గునపాల్లా పనిచేస్తాయి, కాసేపట్లో కిందనుంచి తవ్వుకొస్తుంది. కొట్టం చుట్టూ అడుగు లోతు కాలువ తీసి మెష్‌ను అందులోకి దించండి. మీ దగ్గర బండ అడ్డం వచ్చి తవ్వలేకపోతే మెష్‌ను బయటివైపు అడుగున్నర మడిచి నేల మీద పరిచి, పైన నాపరాళ్లు పేర్చండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, వెనక్కొచ్చి తవ్వాలని దానికి తట్టదు. తాడిపత్రి, బేతంచెర్ల నాపరాయి మనకు చవక, ఈ పనికి దానికి మించింది లేదు.

పైన కూడా మూయాలి, ఉడుము బాగా ఎక్కుతుంది. పై కప్పు లేని దొడ్డి అయితే గోడకు బయటివైపు, నేల నుంచి రెండడుగుల ఎత్తులో మొదలుపెట్టి మూడడుగుల వెడల్పున నున్నటి జింకు రేకు బిగించండి. గోళ్లకు పట్టు దొరకదు. గోడకు ఆనుకుని కొమ్మ గానీ, కట్టెల మోపు గానీ ఉంటే రేకు వృథా. తలుపు కింద సందు పిడికిలి పట్టేంత ఉన్నా దూరిపోతుంది. అక్కడ చెక్క పట్టీ కొట్టి సందు అంగుళంలోపు తేవాలి.

వల కంటే ముందు చేయాల్సింది ఇంకొకటి, పైసా ఖర్చు లేనిది. నాటుకోళ్లు ఎక్కువగా మధ్యాహ్నం లోపే గుడ్లు పెడతాయి. పొద్దున తొమ్మిదికి ఒకసారి, ఒంటిగంటకు ఒకసారి గుడ్లు ఏరేయండి. ఉడుము రెండు మూడు వారాలు వచ్చి ఏమీ దొరక్కపోతే ఆ దారి మార్చుకుంటుంది. పొదిగే కోడి గంపను నాలుగడుగుల ఎత్తున, గోడకు తగలకుండా తీగలతో వేలాడదీయండి. పగిలిన గుడ్లు, చచ్చిన పిల్లలు, కోడి పేగులు దిబ్బలో పడేయొద్దు, దూరం నుంచే వాసన పట్టి వస్తుంది. లోతుగా పూడ్చేయండి.

ఎలుకల మందు గురించి ఒక మాట. ఉడుము చచ్చిన జంతువునూ తింటుంది. మందు తిని చచ్చిన ఎలుకను అది తింటే దానికీ ప్రమాదం. మందు పెడితే రోజూ పొద్దున్నే చచ్చినవి ఏరి పూడ్చండి. గుడ్డులో గుళికల మందు పెట్టి ఉడుముకు వేయడం కొందరు చెప్పే చిట్కా. అది నేరం, పైగా ఆ గుడ్డు మీ కుక్కకో, పిల్లలకో దొరకదన్న హామీ ఏమీ లేదు.

పట్టించడం ఎందుకు వద్దంటున్నానంటే

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉడుము మొదటి షెడ్యూల్లో ఉంది, పులి ఉన్న షెడ్యూలే. 2022 సవరణ తర్వాత వేటకు శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం పాతికవేలు జరిమానా. పట్టినవాడికే కాదు, పట్టించినవాడికీ కేసు. మాంసం వండినా, తోలు దాచినా, బతికున్నదాన్ని సంచిలో పెట్టుకుని నల్లమలలో వదులుతానన్నా అనుమతి లేకుండా చేస్తే నేరమే.

పట్టి ఇస్తానన్న మనిషికి కావలసింది మీ కోళ్ల క్షేమం కాదు. నడుం నొప్పికి మాంసం, కీళ్లకు కొవ్వు నూనె, కంజిర వాయిద్యానికి తోలు, ఇవన్నీ డబ్బు. మగ ఉడుము జననాంగాలను ఎండబెట్టి, అరుదైన చెట్టు వేరని చెప్పి, హత్తాజోడి పేరుతో పూజకు అమ్మే వ్యాపారం కూడా ఉంది. కొని పూజగదిలో పెట్టుకున్నవాళ్లకు అదేమిటో తెలియదు. నడుం నొప్పి ఆ మాంసంతో తగ్గదు. కంజిరకు మేకతోలు, సింథటిక్ తోలు రెండూ ఇప్పుడు వాడుతున్నారు. ఒక్క ఆడ ఉడుము పోతే ఆ ఏడాది ఇరవై గుడ్లు పోయినట్టు. పగ్గం వేసి, వీపు మీద కాళ్లు కట్టి, సంతలో అమ్మకానికి తెచ్చిన ఉడుమును చూస్తే దాటిపోకండి, అటవీ సిబ్బందికి ఫోన్ చేయండి.

పట్టి దూరంగా వదిలినా మీకు ఒరిగేదేమీ లేదు. ఖాళీ అయిన చోటికి ఇంకో మగది వస్తుంది, తిండి అక్కడే ఉంది కాబట్టి. వదిలిన ఉడుముకు కొత్త చోట ఎక్కడ బొరియ ఉందో, ఎక్కడ నీళ్లున్నాయో తెలియదు. రోహిణి కార్తెలో అలా వదిలితే పది గంటలకల్లా నీడ దొరక్క మాడిపోతుంది.

ఉడుంపట్టు అనే మాట ఊరికే పుట్టలేదు. సందులో దూరాక గోళ్లు బిగించి, గాలి పీల్చి ఒళ్లు ఉబ్బించుకుంటుంది. అప్పుడు రాతికి, ఒంటికి మధ్య వెంట్రుక సందు ఉండదు. లాగేకొద్దీ ఇంకా బిగుస్తుంది, పక్కటెముకలు విరిగినా బయటికి రాదు. కోటగోడల మీదికి ఉడుముకు తాడు కట్టి ఎక్కేవారన్న కథ ఈ పట్టు చూసే పుట్టి ఉంటుంది. కానీ నాలుగైదు కిలోల జంతువు మనిషి బరువు మోయడం జరిగే పని కాదు.

తోటలో అది చిక్కుకునే చోట్లు

పాత దిగుడుబావులు, నీళ్ల తొట్లు. నీళ్లలో ఉడుము బాగా ఈదుతుంది, మునిగి పదిహేను నిమిషాల పైన ఉండగలదు, కానీ నున్నటి సిమెంటు తొట్టి గోడ ఎక్కలేదు. తొట్టిలో ఒక గరుకు మొద్దును ఏటవాలుగా వేసి పెట్టండి, పైకొచ్చేస్తుంది. నీళ్లు లేని బావిలో పడితే గోనెపట్టలు చుట్టిన పొడవాటి నిచ్చెన దించి, సాయంత్రం ఎవరూ లేకుండా వదిలేయండి. మర్నాడు పొద్దెక్కాక చూస్తే ఉండదు. ఉంటే అటవీ సిబ్బందిని పిలవాల్సిందే.

పందుల కోసం కట్టే నైలాన్ వల ఇంకా చెడ్డది. అడుగు ఎత్తున కట్టిన సన్న వలలో తల దూర్చి, వెనక్కి రాలేక, ఎండకు చచ్చిపోతుంది. వల కింది అంచు నేలకు జానెడు ఎత్తున ఉంచితే ఉడుము కింద నుంచి పోతుంది. చిక్కింది కనిపిస్తే ముందు తడి గోనెపట్ట దాని తల మీద కప్పండి. కళ్లకు చీకటి కమ్మేసరికి, చల్లదనం తగిలేసరికి సగం శాంతిస్తుంది. పెద్ద కత్తెరతో ఒంటికి దూరంగా వలను కోసి, ఒంటి మీది ముడులు మటుకు పాములు పట్టే శిక్షణ ఉన్నవారికి వదిలేయండి.

చివరిగా, కొట్టం పునాది కిందే దాని బొరియ ఉందేమో చూడండి. ఉడుము బొరియ వాకిలి అర్ధచంద్రం ఆకారంలో, ఎత్తు కంటే వెడల్పు ఎక్కువగా ఉంటుంది, ముందు తోక గీత ఉంటుంది. దాన్ని మూయాలంటే మార్చి నుంచి మే చివరిలోపే మూయాలి. జులై, సెప్టెంబరుల మధ్య ఆడది అక్కడే గుడ్లు పెట్టే పనిలో ఉండొచ్చు. డిసెంబరు, జనవరుల్లో జంతువే లోపల వారాల తరబడి ఉండొచ్చు, మూస్తే సజీవ సమాధి. పద్ధతి ఇదీ: సాయంత్రం వాకిట్లో బూడిద చల్లి, ఎండుటాకులు వదులుగా కుక్కండి. లోపల ఉంటే మర్నాడే ఆకులు బయటికి నెట్టుకుని, బూడిదలో బయటికి వెళ్లిన అడుగులు కనిపిస్తాయి. అలా కనపడితే మళ్లీ ఆకులు కుక్కి చూడండి. వరసగా ఐదు ఎండ రోజులు ఆకులు కదలకపోతేనే రాళ్లు, మట్టి వేసి దిమ్మిస కొట్టండి. ఆరో రోజు దాకా ఆగడానికి ఓపిక లేకపోతే మూయకపోవడమే మేలు. ఇప్పుడు ఆరుద్ర నడుస్తోంది కాబట్టి, ఈ ఏడాదికి మీరు బొరియ జోలికి పోకుండా మెష్, రేకు, గుడ్లు ఏరే వేళలు, ఈ మూడూ చూసుకోండి.